కొలత యెఱిగిన చేతులు

ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో తెలుగునాట ఒక సామాన్య గృహమునకు వలసిన మందులును, ఇంటిని, గిన్నెలను, గుడ్డలను, ఒంటిని శుభ్రపఱచుకొనుటకు వలసిన సాధనములును చాలవఱకు ఆ యింటి వంటసాలలోనో, పెరటిలోనో, పశువులకొట్టములోనో, కానిచో వారపుసంతలోని పచారికొట్టులోనో దొరకుచుండెను. శొంఠి, వాము, మిరియము, పిప్పలి, ఇంగువ, పసుపు, కరక్కాయ, వసకొమ్ము, ఆముదము ఒక వంక. కుంకుడుకాయ, పిడకల బూడిద, చింతపండు, సున్నము, చౌడుమన్ను, వేపాకు, సాంబ్రాణి వేఱొక వంక. ఇంతే ఆ సరంజామా. వీనిని గూర్చి నేడు రెండు విధములైన మాటలు వినబడుచున్నవి. పూర్వులకు తెలియనిది లేదనియు, పోపులపెట్టెలో లేని మందు ఆస్పత్రిలోను లేదనియు కొందఱు. అదియంతయు అజ్ఞానపు నాటువైద్యమనియు, సబ్బును మందుబిళ్లయు వచ్చి మనలను కాపాడినవనియు కొందఱు. ఈ యిరుపక్షములవారును ఆ కాలపు గృహిణి చేతిలోని వస్తువును చూచిరి గాని, ఆ చేతిని చూడలేదని నా అభిప్రాయము. ఎంత, ఎప్పుడు, ఎవరికి, దేనిలో కలిపి, ఎన్నినాళ్లు అను వివేకమే ఆమె విద్య. ఆ వివేకమును మనము వ్రాసిపెట్టుకొనలేదు.

కుంకుడుకాయను చూడుడు. ఎండిన కాయలను రాతిమీద పెట్టి చితుకగొట్టి, నల్లని గింజలను ఏరివైచి, తొక్కును వేడినీళ్లలో నాననిచ్చి, చేతితో పిసికి, తెల్లని నురుగు పొంగివచ్చిన పిమ్మట గుడ్డలో వడియగట్టిన గాని తలకు పనికివచ్చు రసము కాదు. పిప్పి వెండ్రుకలలో చిక్కుకొన్నచో దువ్వెనకు లొంగదు. రసము కంటిలో పడినచో భగ్గున మండును; అందుకే తలంటునాడు పిల్లల నోట ఒక ఉప్పుకల్లు వేసి, కన్నులు గట్టిగా మూసికొనుమని కేకలు వేయుచు పెద్దవారు నెత్తిన రసము పోసెడివారు. ఆ నురుగునకు కారణమైన ద్రవ్యమును రసాయన శాస్త్రజ్ఞులు సపోనిను అందురు. అది సబ్బువలె క్షారగుణము కలది కాకపోవుటచేత పట్టునకును ఉన్నికిని హాని చేయదు. కనుకనే సబ్బు ఇంటింటికి వచ్చిన తరువాత సైతము పట్టుచీరను కుంకుడురసములో జాడించుట మన యిల్లాండ్రు మానలేదు. నగలకు మెఱుగు పెట్టు కంసాలియు దానిని విడువలేదు. దీనికి మఱియొక గుణము కలదు. సున్నపురాతి నేలలుగల పల్నాటివంటి సీమలలో బావినీరు కఱకుగా నుండును. అట్టి నీటిలో సబ్బు విఱిగి తెల్లని తరకలై తేలును గాని నురుగు పట్టదు. కుంకుడురసమున కా బాధ లేదు. ఆ నీటితోనే కాపురము చేసిన స్త్రీకి ఈ సంగతి ఏ గ్రంథమును చెప్పలేదు. వాడి చూచి తెలిసికొన్నది, కూతురికి చూపినది.

అంట్లు తోముటయందును ఇట్టిదే. చింతపండులోని ఆమ్లము ఇత్తడిపై పట్టిన చిలుమును కరగించును. బూడిదలోని క్షారము నూనెజిడ్డును విడదీయును. ఇటుకపొడి రాపిడికి తోడగును. దేవునిసామానునకు చింతపండు, నేతిగిన్నెకు బూడిద, మజ్జిగకుండకు వేడినీళ్లును ఎండయు అని ఆమె విడివిడిగా ఎంచుకొనెడిది. కట్టెలపొయ్యిమీదికి ఎక్కింపక ముందే గిన్నె యడుగున తడిమన్నో బూడిదయో పలుచగా మెత్తెడివారు. వంట ముగిసిన పిమ్మట మసి ఆ పూతతోడనే ఊడివచ్చెడిది. ఇంత చిన్న యుపాయమువలన ఎంత శ్రమ తగ్గెనో, వేకువచలిలో చెఱువుగట్టున కూర్చుండి మసిగిన్నెలు తోమినవారికే తెలియును. పులుసు కాచెడి ఇత్తడిగిన్నెలకు కళాయి తప్పనిసరి. కళాయివాడు వీధిలో కొలిమి పెట్టి, గిన్నెను కాల్చి, నవాసారము చల్లి, కరగిన తగరమును గుడ్డపేలికతో లోపలంతట పులిమిపోయెడివాడు. పూత అరిగినదని తెలిసిన మఱునాటినుండి ఆ గిన్నెలో పులుపు వండరాదని నియమము. ఆ నియమమును ఇంటిలో పాలించునది గృహిణియే.

చాకలివారి విద్య ఇంతకంటె గంభీరమైనది. పైకి తెల్లగా పొక్కి కనబడు చౌడునేలలనుండి మన్ను తెచ్చి, నీళ్లలో కలిపి, ఆ తేటలో మైలగుడ్డలను ముంచి, బానమీద దొంతరగా పేర్చి ఆవిరిపై ఉడికించు పద్ధతిని ఉబ్బవేయుట యందురు. ఆ మంటిలోని క్షారమును ఆవిరివేడియు కలిసి మురికిని విడదీయుటయే కాక, అంటురోగముల యింటి గుడ్డలను సైతము చాలవఱకు నిర్దోషములను గావించుచుండెను. జీడిగింజల రసముతో గుడ్డ మూలన వేసిన గుర్తు ఎన్ని ఉతుకులకును చెరగిపోదు. ఈ పనివారిని ఊరు హీనముగా చూచెను గాని, ఊరి ఆరోగ్యములో వారి పాలు ఎంత యున్నదో తలచినవారు అరుదు. తెల్లగుడ్డలకు పెట్టు నీలిమందు కథ మఱియొకటి. కడప, నెల్లూరు మండలములలో నీలిచెట్టు విస్తారముగా సాగయ్యెడిది. 1897లో జర్మనీ కర్మాగారము కృత్రిమ నీలిని అంగడికి తెచ్చిన కొలదికాలమునకే ఆ సాగు కూలిపోయెను. గుడ్డలకు తెలుపు తెచ్చుటకు సీమనుండి వచ్చిన నీలిపొట్లములు చాకిరేవులను చేరెను. ఇంటి శుభ్రత అను చిన్న విషయము వెనుక ఎందఱు రైతుల జీవనము ముడివడి యుండెనో దీనివలన తెలియగలదు.

మందుల సంగతి కొంత చిక్కైనది. ఇక్కడనే నేను చెప్పదలచిన మాట స్పష్టపడును. వసకొమ్మును దీపపుసెగపై కాల్చి, సానరాతిమీద తల్లిపాలతో రెండు మూడు గీతలుగా అరగదీసి, ఆ తడిని బిడ్డ నాలుకకు రాచెడివారు. ఆ గీతల లెక్కయే మోతాదు. నెలల పిల్లకు ఇన్ని గీతలు, ఏడు నిండిన పిల్లకు ఇన్ని అని పురుడుపోయు ముసలమ్మ చెప్పెడిది. నాలుగవ గీతకు చేయి పోనిచ్చెడిది కాదు. వసలోని ఒక ద్రవ్యము మితిమీరినచో హానికరమని పిమ్మట ఎలుకలపై చేసిన పరీక్షలలో తేలినది. 1968లో అమెరికా ప్రభుత్వము వసను ఆహారపదార్థములలో వాడరాదని నిషేధించెను. నేడు పసిబిడ్డలకు దానిని పెట్టుడని నేను చెప్పబోను. వైద్యులును వలదనియే చెప్పుచున్నారు. అయినను ఆ ముసలమ్మ గీతలు లెక్కించుటలో మందునకును విషమునకును నడుమ గల అంతరమును ఎఱిగియుండెనని మాత్రము ఒప్పుకొనక తప్పదు.

వాము విషయమున లోకమే సాక్ష్యము పలికినది. కడుపునొప్పికి వాము నమలి వేడినీళ్లు త్రాగుట, జలుబు చేసిన బిడ్డకు వాముపొట్లము వెచ్చచేసి రొమ్మున కాచుట ప్రతి యింటి ఆచారము. ఆ వాములోని సారమును థైమాలు అందురు. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము మన దేశపు వాము ఓడలకెక్కి జర్మనీకి పోయి, అక్కడ థైమాలుగా మాఱి, క్రిమినాశకముగా ప్రపంచమంతట అమ్ముడుపోయెడిది. ఆ కాలమున కొంకిపురుగు వ్యాధికి వైద్యులు ముఖ్యముగా వాడిన మందు అదియే. ఆముదము మాట చెప్పనక్కఱలేదు. దీపమునకును, తలకును, కడుపునకును అదియొకటే. అయితే ఆముదము త్రాగించిన నాడు చారన్నము తప్ప వేఱొకటి పెట్టరాదనియు, గర్భిణికి దానిని ఇయ్యరాదనియు పథ్యము చెప్పనిదే ఏ యిల్లాలును గిన్నె చేతికియ్యలేదు. శొంఠి లేని కషాయము లేదని సామెత యున్నను, శొంఠి పడని ఒళ్లు కలవని వేడి, చలువ అను భేదముతో చెప్పుచుండిరి.

ఇంత చెప్పితినని ఆ కాలమును బంగారుకాలముగా చిత్రించుట నా యుద్దేశము కాదు. అట్లు చిత్రించినచో అప్పుడు చనిపోయిన బిడ్డలకు అన్యాయము చేసినవారమగుదుము. ఏడ్చు బిడ్డ నిద్రపోవుటకు ఆవగింజంత నల్లమందు పెట్టి, పొలముపనికి పోయిన తల్లులు కలరు. ఆ నిద్రనుండి లేవని బిడ్డలును కలరు. బొడ్డు కోసిన చోట బూడిదయో పేడయో అద్దుటచేత ధనుర్వాతము సోకి వారము తిరుగకుండ పోయిన శిశువులకు లెక్కలేదు. కలరా తగిలిన రోగి దాహము దాహమని అలమటించుచుండగా నీరిచ్చినచో విరేచనములు హెచ్చునను భయముతో నీరియ్యక చంపుకొన్న యిండ్లు ఎన్నియో. ఆ యింటిలోనే, ఆ పొయ్యిమీదనే, ఉప్పు వేసిన పలుచని గంజి యుండెను. నీరును లవణములును తిరిగి యెక్కించుటయే కలరాకు ముఖ్యచికిత్స యని కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఉప్పునీటిని నరములోనికి ఎక్కించి శతాబ్దారంభముననే నిరూపించెను; బియ్యపుగంజితో చేసిన ద్రావణము అందులకు చక్కగా పనికివచ్చునని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చిరి. చేతికందు దూరమున మందుండియు, తప్పుడు నియమము దానికి అడ్డుపడినది. ఇక 1918 నాటి విషజ్వరములో దేశమున కోటిమందికి పైగా మరణించినపుడు మిరియాల కషాయమును, సీమమందును సమానముగా చేతులెత్తివేసినవి. మలేరియాకు క్వినైను వచ్చెను. 1892లో బెంగాలున మొదలైన యేర్పాటుచే తపాలాకచేరీలలో పైసా పొట్లములుగా సైతము దొరకెను. ఆ పొట్లము చేసిన మేలు ఏ పెరటిమొక్కయు చేయలేదు. దీనిని ఒప్పుకొనుటకు అభిమానము అడ్డురాకూడదు.

ఆ పొట్లముతోడనే ఇంకొక యుగము మొదలైనది: చీటీ అంటించిన సీసాల యుగము. కృష్ణామండలములోని ఎలకుఱ్ఱులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును ఆరంభించి, సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టి, పసుపుపచ్చని ఆ లేపనమును దేశమంతటికి పరిచయము చేసిరి. ఆ తలనొప్పిమందుమీద వచ్చిన ధనముతోడనే ఆంధ్రపత్రిక నడచెను. 1914లో అది మద్రాసున దినపత్రిక యయ్యెను. భారతి మాసపత్రిక వెలసెను. ఆంధ్రగ్రంథమాల పుస్తకములు వెలువడెను. తెలుగు పత్రికారచన ఒక లేపనపు డబ్బాకు ఇంత ఋణపడి యుండుట మనము సంతోషముగా చెప్పుకొనవలసిన విషయము. ఒంగోలు ప్రాంతమునుండి బాల్యముననే మద్రాసు చేరి వైద్యము నేర్చిన డాక్టరు కె. ఎన్. కేసరిగారు కేసరికుటీరమును నెలకొల్పి, స్త్రీలకొఱకు లోధ్రను తయారుచేసి, ఆ రాబడితో 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించిరి. హైదరాబాదున 1920లో హకీము మహమ్మదు మొయిజుద్దీన్ ఫారూఖీగారు కూర్చిన జిందా తిలిస్మాతు నేటికిని తెలంగాణ యిండ్లలో జలుబునకు మొదటి మందు. కర్పూరము, పుదీనాపువ్వు, వాముసారము, నీలగిరితైలము మొదలగు ఘాటైన ద్రవ్యములే ఇట్టి మందులకు ఆధారము. అనగా పోపులపెట్టెకును ఈ సీసాకును చుట్టఱికము తెగలేదు.

సబ్బు కథయు ఇంచుమించు ఇదే దారిని నడచెను. సీమసబ్బులలో పశువుల కొవ్వు కలియునను శంకచే ఆచారవంతులు చాలకాలము వానిని ముట్టలేదు. స్వదేశీ ఉద్యమము వచ్చిన పిమ్మట దేశీయపు సబ్బులు పుట్టెను. మైసూరు సంస్థానము 1916లో సబ్బుల కర్మాగారమును స్థాపించి గంధపుసబ్బును తెచ్చెను. వేపనూనె సబ్బును, కేవలము వృక్షతైలములతో చేసిన సబ్బును ఆ కాలముననే వెలువడెను. తలంటు మాని సబ్బు రుద్దుకొన్న కొడుకును చూచి తల్లి నొచ్చుకొన్నను, పండుగనాడు మాత్రము సున్నిపిండి తప్పలేదు.

సీసా వచ్చుటవలన మేలు కలిగినది: నూఱుటయు వడియగట్టుటయు తప్పినవి, ఊరూర ఒకే మందు, ఒకే ఘాటు, ఒకే వెల. అయితే ఒకటి పోయినది. ఇంటిలో మందు నూఱినపుడు అందులో ఏమి పడుచున్నదో తినెడివానికి కనబడుచుండెను. సీసాలో ఏమున్నదో కనబడదు. ఈ మాట పైన చెప్పిన మందులనుగూర్చి కాదు. అదే కాలమున సర్వరోగనివారిణులని, వీర్యవర్ధకములని, ఒక్క మోతాదుతో క్షయ మాయమగునని పత్రికల పుటలు నింపిన పేరూరు లేని రహస్యౌషధములనుగూర్చి. ఇది మన దేశమునకే పరిమితమైన వ్యాధి కాదు. అమెరికాలో పండ్లు వచ్చు పిల్లలకు పోసిన ఒక ప్రసిద్ధమైన పానకములో మార్ఫిను ఉండెను; 1906 నాటి చట్టముతో నల్లమందు, మార్ఫిను మొదలగువాని పేరు చీటీమీద ముద్రింపక తప్పినది కాదు. బ్రిటిషు వైద్యసంఘము 1909లో రహస్యౌషధములను పరీక్షించి, ఏ సీసాలో ఏమున్నదో, దాని అసలు ఖరీదెంతో ఒక పుస్తకముగా అచ్చువేసెను. మన దేశమున కర్నలు చోప్రాగారి అధ్యక్షతన 1930లో విచారణసంఘము ఏర్పడి, ఔషధచట్టము 1940లో వచ్చెను. అద్భుతచికిత్సల ప్రకటనలను అరికట్టు చట్టము 1954 వఱకు రాలేదు. ఆయుర్వేద, యునానీ మందులు ఔషధచట్టము క్రిందికి 1964లో గాని చేరలేదు. ఈ చట్టములు ఆలస్యముగా నేర్చుకొన్న పాఠమును, కళాయి అరిగిన గిన్నెను పక్కకు పెట్టిన యిల్లాలు అంతకు ముందే పాటించుచుండెను.

ఇప్పుడు మనకు రెండు విధములైన కీడు ఒకేసారి మూడినది. సెల్‌ఫోనులో ఉదయము లేచినది మొదలు వంటింటి చిట్కాలు వచ్చిపడుచున్నవి. శొంఠి మంచిది, పసుపు మంచిది, మెంతులు మంచివి అని చెప్పుచున్నవే గాని, ఎంత, ఎవరికి, ఎన్నినాళ్లు అనునది వానిలో లేదు. రక్తము పలుచబడుటకు మందు వాడుచున్న వృద్ధుడును, మధుమేహమునకు సూది వేసికొనుచున్న గృహిణియు ఆ మాట విని గ్లాసులకొలది కషాయములు త్రాగుచున్నారు. ఏడు నిండని శిశువునకు తేనె నాకింపరాదని వైద్యులు మొఱపెట్టుచుండగా, అది మన సంప్రదాయమని వాదించువారును కలరు. ఇంకొకవంక, నాయనమ్మ పేరు పెట్టి, కుంకుడుకాయ బొమ్మ అచ్చువేసి, లోపల నురుగునకు వేఱొక రసాయనమును నింపిన సీసాలు అంగళ్లలో వరుసదీరి యున్నవి. కొలత లేని చిట్కా, కాయ లేని కాయరసము. ఈ రెండింటిలో దేనికిని ఆ పాత యింటితో సంబంధము లేదని నేను గట్టిగా చెప్పుదును.

నోటిమాటగా నున్న జ్ఞానమునకు ఎంత రక్షణ గలదో పసుపు మనకు చూపినది. 1995లో అమెరికా పేటెంటు కార్యాలయము, గాయములు మాన్పుటకు పసుపు వాడు పద్ధతిపై మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమునకు హక్కు వ్రాసియిచ్చెను. వేలు తెగిన వెంటనే చిటికెడు పసుపు అద్దని యిల్లు ఈ దేశమున లేదు. అయినను ఆ మాట చాలలేదు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనమండలి సంస్కృతగ్రంథములను, 1953లో భారతవైద్యసంఘ పత్రికలో అచ్చయిన వ్యాసమును, ఇట్టివే మొత్తము 32 వ్రాతమూలములను వెదకి ముందుంచిన పిమ్మటనే 1997లో ఆ హక్కు రద్దయ్యెను. పసుపునకు గ్రంథములు సాక్ష్యము పలికినవి. సానమీది గీతల లెక్కకు, గిన్నె యడుగున పూసిన మంటికి, చౌడు ఏ నెలలో తీసినది మేలో తెలిసిన చాకలివాని అనుభవమునకు ఏ గ్రంథము సాక్ష్యము పలుకును?

ఆ తరమును కన్నులార చూచిన కూతుళ్లు, కోడండ్రు, మనుమరాండ్రు మనలో ఇంకను కొందఱు కలరు. ఎనుబదియేండ్లు దాటిన వారి జ్ఞాపకములో ఈ విద్యయొక్క చివరి పుటలు మిగిలియున్నవి. వారు చెప్పగా వ్రాసికొనుటకు విశ్వవిద్యాలయములో పట్టముండనక్కఱలేదు. వస్తువు పేరు మీ ప్రాంతమున ఏమందురో, చెట్టులో ఏ భాగమో, చిటికెడా గుప్పెడా, దేనితో కలుపుదురో, ఏ వయసువారికి వలదందురో, ఎన్నినాళ్లకు ఆపుదురో, ఏ లక్షణము కనబడినపుడు ఇంక ఇది మా వలన కాదని ఆస్పత్రికి బండి కట్టుదురో అడుగుడు. ఫలింపని మందును, హాని చేసిన మందును గూర్చి మఱింత శ్రద్ధగా అడుగుడు. వానిని దాచిపెట్టినచో మీరు వ్రాసినది స్తోత్రము అగును గాని ఆధారము కానేరదు. చాకలివారిని, కుమ్మరివారిని, పురుళ్లు పోసినవారిని, కళాయి వేసినవారిని విడువకుడు. పండితులకంటె వారికడ ఎక్కువ దొరకును. గృహవిజ్ఞాన కళాశాలలు, ఆయుర్వేద కళాశాలలు తమ విద్యార్థులకు సెలవులలో ఈ పనిని పాఠముగా అప్పగింపవలెను. సేకరించినదానిలో పరీక్షకు నిలిచినదేదో, నిలువనిదేదో తేల్చవలెను.

ఈ సంక్రాంతికి ఊరు పోవువారు ఒక నోటుపుస్తకమును వెంట తీసికొనిపొండు. వ్రాసినదానిని మీ యింటి పెట్టెలో ఉంచుకొనక, చెప్పినవారి అనుమతితో ఒక ప్రతిని మీ జిల్లా గ్రంథాలయమునకు ఇండు.